బట్టతల మందు వస్తోందట: నమ్మాలా, ఆగాలా?

"బట్టతలకు మందు వచ్చేసిందట!" 2025 డిసెంబరు నుంచి మన ఇళ్ళలో ఈ మాట బాగా వినబడుతోంది. గృహప్రవేశానికి వెళ్ళినా, పెళ్ళిచూపులకు వెళ్ళినా ఎవరో ఒకరు కదిలిస్తున్నారు. బెంగుళూరులో ఉద్యోగం చేసే పిల్లలైతే మందు పేరుతో సహా చెబుతున్నారు: క్లాస్కోటెరోన్.

ఇన్నాళ్ళూ ఇక్కడ కాంపుల పుట్టుక గురించి, కాలువల గురించి, మన వంటల గురించి రాస్తూ వచ్చాం. ఇప్పుడు జుట్టు గురించి రాస్తే నవ్వేవాళ్ళు నవ్వచ్చు. కానీ సంబంధాల దగ్గర మన అబ్బాయిల తల వంక ఎలా చూస్తున్నారో ఆడపిల్లల వాళ్ళకీ, మగపిల్లల వాళ్ళకీ తెలుసు. ఎకరాలు, ఉద్యోగం, జాతకం అన్నీ కుదిరాక ఫోటో దగ్గర ఆగిపోయిన సంబంధాలు మా ఇంట్లోనే రెండున్నాయి. మా వాళ్ళ కుర్రాడొకడు పొలం కౌలు డబ్బు మొత్తం ఒక క్లినిక్కులో కట్టి వచ్చాడు. జుట్టు రాలేదు. ఎంత పోయిందో వాళ్ళ నాన్నకు ఇవాళ్టికీ చెప్పలేదు. అందుకే ఈ మందుల కథ మొదటినుంచీ ఒకసారి చెప్పుకోవాలనిపించింది.

"వస్తుందట" అనే మాట మనకు కొత్త కాదు

మన పెద్దలు కోస్తా జిల్లాల నుంచి ఈ రాయచూరు నేలకు వచ్చింది తుంగభద్ర నీళ్ళను నమ్ముకుని. 1953లో డ్యామ్ పూర్తయి కాలువలకు నీళ్ళు వదలడం మొదలైంది. ఆ తర్వాతే ఎడమ కాలువ వెంట కాంపులు లేచాయి. మన గిల్లేసూగూరు వైపు వాళ్ళం ఆ కాలువ చివరి ఆయకట్టు. పైన సింధనూరు, మాన్వి తాగగా మిగిలింది మనకు.

టెయిల్ ఎండ్ రైతుకు ఒక తెలివి తనంతట తనే వస్తుంది. డ్యామ్ దగ్గర నీళ్ళు వదిలారనే కబురు వేరు, మన మడిలోకి నీళ్ళు రావడం వేరు. కబురు వినగానే నారు పోసేవాడు నష్టపోతాడు. "ఆ, ఎప్పుడొచ్చాయిలే" అని చేతులు ముడుచుకున్నవాడూ నష్టపోతాడు. ఎంత వదిలారు, పైన ఎంత తోడుకుంటారు, మన డిస్ట్రిబ్యూటరీకి ఏ రోజు వస్తుంది అని అడిగి తెలుసుకున్నవాడే పంట తీస్తాడు. 2024 ఆగస్టులో డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఈ మాట ఎంత నిజమో మనకు మళ్ళీ తెలిసింది. మందు కబురును కూడా అలాగే వినాలని మేమంటాం.

పాత కథలు, ఇంటి వైద్యాలు

జుట్టు బెంగ మనుషులకు కొత్తగా వచ్చింది కాదు. క్రీస్తు పూర్వం 1550 నాటి ఈజిప్టు వైద్య పత్రంలోనే సింహం కొవ్వు, నీటిగుర్రం కొవ్వు తలకు పూయమని రాసి ఉంది. మన భర్తృహరి సుభాషితాల్లో ఎండకు తాళలేక తాటిచెట్టు నీడకు పరుగెత్తి, తాటిపండు పడి తల పగిలిన బట్టతలవాడున్నాడు. ఏనుగు లక్ష్మణ కవి దాన్ని తెలుగు చేశాడు, మన తాతలు బడిలో వల్లె వేశారు. దురదృష్టానికి ఉదాహరణ కావాలంటే కవికి బట్టతలే దొరికింది చూడండి!

తిరుమల కథ ఇంకా బాగుంటుంది. పుట్టలో ఉన్న స్వామికి పశువుల కాపరి దెబ్బ తగిలి తలలో కొంత చోట జుట్టు పోయిందట. గంధర్వ కన్య నీలాదేవి అది చూసి తన కురులు కోసి అక్కడ అతికించిందట. భక్తులిచ్చే తలనీలాలు ఆమెకే చెందుతాయని స్వామి వరమిచ్చాడని చెబుతారు. ఏడు కొండల్లో నీలాద్రి ఆమె పేరు మీదే ఉంది. మంత్రాలయంలోనో తిరుమలలోనో పిల్లల పుట్టువెంట్రుకలు ఇచ్చే మనకు, జుట్టు అందం మాత్రమే కాదు, మొక్కు కూడా.

ఇంటి వైద్యాలకొస్తే గుంటగలగరాకు నూనె, మందారాకు, మెంతులు, ఆముదం, పేనుకొరుకుడుకు ఉల్లిపాయ రసం. వీటితో జుట్టు వచ్చిందని ప్రమాణం చేసి చెప్పే అమ్మమ్మలున్నారు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. అసలు చిక్కు జుట్టు రాలడం ఒక రకం కాకపోవడంలో ఉంది.

టైఫాయిడో, కోవిడో వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకు, కాన్పయిన కొన్నాళ్ళకు, జుట్టు దువ్వెన నిండా ఊడుతుంది. ఇది చాలామందికి తనంతట తానే తిరిగొస్తుంది. పేనుకొరుకుడు పేనుల వల్ల వచ్చేది కాదు. మన ఒంటి రక్షణ వ్యవస్థే వెంట్రుక కుదుళ్ళ మీద తిరగబడితే నున్నగా బిళ్ళలు బిళ్ళలుగా ఊడుతుంది. చిన్న బిళ్ళలు చాలాసార్లు ఏ మందూ లేకుండానే పూడుతాయి. 2002లో బాగ్దాదు వైద్యులు దీనికి ఉల్లి రసం పూసి చూసి మేలు కనబడిందని రాశారు గానీ అది కొద్దిమంది మీద చేసిన చిన్న పరీక్ష. మూడోది నుదుటి నుంచి, నడినెత్తి నుంచి మెల్లగా పలచబడే మగవాళ్ళ బట్టతల. ఇది తనంతట తాను తిరిగి రాదు. మొదటి రెండింటిలో వచ్చిన పేరు పెట్టుకుని మూడోదానికి నూనె అమ్మడమంటే బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడమే.

నిజంగా పనిచేసిన రెండు మందులు

బట్టతలకు కారణం మొదట గట్టిగా పట్టుకున్నది 1942లో, జేమ్స్ హామిల్టన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు. యుక్తవయసుకు ముందే వృషణాలు తీసేసిన మగవాళ్ళకు బట్టతల రాదని, వాళ్ళకు మగ హార్మోను ఇస్తే ఆ లక్షణం వంశంలో ఉన్నవాళ్ళకు జుట్టు పలచబడుతుందని చూపించాడు. అంటే వంశమూ కావాలి, హార్మోనూ కావాలి. తలకు నూనె పెట్టకపోవడం, బోరు నీళ్ళు అని మనం వేసే నిందలు ఈ మూడో రకం దగ్గర పెద్దగా నిలబడవు.

మొదటి మందు పొరపాటున దొరికింది. మినాక్సిడిల్ అసలు రక్తపోటు మాత్ర. తిన్నవాళ్ళకు మొహం మీద, చేతుల మీద వెంట్రుకలు మొలుస్తుంటే డాక్టర్లకు ఆలోచన వచ్చింది. 1988లో అమెరికా ప్రభుత్వం దాన్ని తలకు రాసుకునే మందుగా ఒప్పుకుంది.

రెండోదాని కథ డొమినికన్ రిపబ్లిక్ పల్లెల్లో మొదలైంది. అక్కడ కొన్ని కుటుంబాల్లో మగ హార్మోనును డీహెచ్‌టీగా మార్చే ఎంజైము పుట్టుకతోనే లోపించిన మగవాళ్ళున్నారు. వాళ్ళకు ప్రోస్టేటు పెరగదు, బట్టతల రాదు. ఇది 1974లో అచ్చయింది. ఆ ఎంజైమును ఆపే మందే ఫినాస్టరైడ్. 1992లో ప్రోస్టేటుకు, 1997లో బట్టతలకు అనుమతి వచ్చింది.

ఇక్కడ మనవాళ్ళ పాత్ర కూడా ఉంది. గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు రైతు ఇంట పుట్టిన అంజిరెడ్డి 1984లో హైదరాబాదులో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. మందుల షాపుల్లో కనబడే మింటాప్ అనే మినాక్సిడిల్ ఆ కంపెనీదే. తయారు చేసే పద్ధతికే తప్ప మందుకు పేటెంటు ఇవ్వని 1970 చట్టం పుణ్యమా అని, పైదేశపు మందులు మన చేతికి అందే ధరకు వచ్చాయి.

అయితే ఈ రెండు మందులూ బట్టతలను నయం చేసేవి కావు. ఉన్న జుట్టు నిలుస్తుంది, కొందరికి కొంత ఒత్తుగా వస్తుంది. వాడటం మానేస్తే కొన్ని నెలల్లో మళ్ళీ మొదటికి. ఫినాస్టరైడ్‌తో కొద్దిమందికి లైంగిక ఇబ్బందులు వస్తాయి కాబట్టి డాక్టరును అడగకుండా వాడకూడదు.

ఆశ తెగిన చోట్లు

1997 తర్వాత పావు శతాబ్దం దాటినా బట్టతలకు ఆ స్థాయి కొత్త మందు రాలేదు. "ఇంకో ఐదేళ్ళలో" అనే మాట మాత్రం ప్రతి ఐదేళ్ళకూ వస్తూనే ఉంది. 2012లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్ళు బట్టతల మీద ప్రోస్టాగ్లాండిన్ డీ2 అనే పదార్థం ఎక్కువగా ఉందని చూపితే, దాన్ని అడ్డుకునే సెటిపిప్రాంట్ మీద ప్రపంచమంతా ఆశ పెట్టుకుంది. మనుషుల మీద పరీక్షలో అది నిలవలేదు.

ఆశ తెగినచోట మోసగాడు దూరతాడు. 2025 మార్చిలో పంజాబులోని సంగ్రూర్‌లో జుట్టు శిబిరానికి వెళ్ళినవాళ్ళు కళ్ళమంటలతో ఆస్పత్రి పాలయ్యారు. ఏప్రిల్‌లో హైదరాబాదులో ఒకతను గుండు చేసి రసాయనం పూస్తుంటే జనం క్యూ కట్టారు, కొందరికి తల బొబ్బలెక్కింది. బట్టతల నయం చేస్తామని ఏ మందు మీదా చెప్పుకోకూడదని మన డ్రగ్స్ రూల్స్ షెడ్యూల్ జే చెబుతోంది. గోడల మీద రాతలు చూస్తే ఆ సంగతి ఎవరికీ తెలిసినట్టు లేదు.

ఇప్పుడొచ్చిన కబురు

క్లాస్కోటెరోన్ కొత్త పదార్థం కాదు. 2020లోనే మొటిమల క్రీముగా అమెరికాలో అనుమతి పొందింది. ఒంటి మొత్తానికి కాక, రాసినచోటే డీహెచ్‌టీ పనిని అడ్డుకోవడం దీని గుణం. 2025 డిసెంబరులో కాస్మో అనే కంపెనీ 1,465 మంది మగవాళ్ళ మీద మూడో దశ ఫలితాలు ప్రకటించింది. ఒక పరీక్షలో ఉత్తుత్తి మందు కంటే 539 శాతం, ఇంకోదానిలో 168 శాతం మెరుగట.

539 శాతం అనగానే నిండు క్రాపు కళ్ళ ముందు కనబడుతుంది కదా! ఒక్క నిమిషం. ఇది పోలిక మాత్రమే. అర్థం కావడానికి ఒక లెక్క వేద్దాం. ఉత్తుత్తి మందు రాసుకున్నవాళ్ళకు కొలిచిన చోట రెండు వెంట్రుకలు పెరిగాయనుకుంటే, ఈ మందువాళ్ళకు పదమూడు పెరిగినట్టు. పదమూడు మంచిదే, కానీ క్రాపు కాదు. డ్యామ్ దగ్గర వదిలిన క్యూసెక్కులకూ మన తూములోకి వచ్చే నీళ్ళకూ ఉన్న తేడా ఇదే. అదీగాక రెండు పరీక్షల అంకెలకు మధ్య అంత తేడా ఉందంటే, పెద్ద అంకె ఒక్కటే పట్టుకుని మురిసిపోకూడదు.

అమెరికాలో అనుమతి వచ్చినా మన దగ్గరికి రావడానికి మళ్ళీ టైము పడుతుంది. 2005 నుంచి మన దేశంలో మందుకే పేటెంటు ఇస్తున్నారు కాబట్టి, మినాక్సిడిల్ వచ్చినంత చవగ్గా కొత్త మందు వెంటనే రాకపోవచ్చు. మనం ఇక్కడా టెయిల్ ఎండే.

అలాగని ఏమీ లేదని కొట్టిపారేయడమూ న్యాయం కాదు. పేనుకొరుకుడుకు చరిత్రలో మొదటిసారి, 2022లో బారిసిటినిబ్ అనే మాత్రకు అమెరికాలో అనుమతి వచ్చింది. అంతకు పదేళ్ళ ముందు ఎవరైనా చెబితే నమ్మేవాళ్ళం కాదు. వేల మంది మీద, ఉత్తుత్తి మందుతో పోల్చి, లెక్క బయటపెట్టి చేసిన పరీక్షకూ, గుడారం వేసి నూనె అమ్మడానికీ పోలికే లేదు.

మన పిల్లలకు మేము చెప్పేది ఇదీ. జుట్టు పలచబడుతుంటే సిగ్గుపడి దాచుకోకండి. ముందు అది ఏ రకమో రాయచూరులోనో, మీరున్న ఊళ్ళోనో చర్మవ్యాధుల డాక్టరు చేత తేల్చుకోండి. కొత్త మందు మాట ఎవరెత్తినా మూడు ప్రశ్నలు అడగండి: ఎంతమంది మీద చూశారు, ఎన్ని వెంట్రుకలు పెరిగాయి, మానేస్తే ఏమవుతుంది? జవాబు లేనిచోట డబ్బు కట్టకండి.

పెద్దలకు ఇంకొక మాట. మీ పెళ్ళినాటి ఫోటోలు తీసి చూడండి. మన కాంపుల్లో తొలి మళ్ళు కట్టిన తాతల్లో సగం మందికి ముప్పై ఏళ్ళకే నెత్తి మెరిసేది. తలపాగా చుట్టుకుని కాలువ గట్టున నీళ్ళకు కాపలా కాశారు. వాళ్ళ ఇంటికి పిల్లనివ్వడానికి ఎవరూ వెనకాడలేదు.