గాలిమోటరు దిగిన బసంత్‌నగర్

మొన్నామధ్య ఊరికి పోతుంటే బస్సులో నా పక్కన ఓ పిలగాడు కూర్చున్నాడు. దుబాయ్ నుంచి వస్తున్నాడట, మా సుల్తానాబాద్ దగ్గరి పల్లెనే. "దుబాయ్ నుంచి శంషాబాద్‌కు మూడున్నర గంటలల్ల వచ్చిన అన్నా. ఇంటికి చేరెటాళ్లకు అయిదు గంటలు పట్టేటట్టున్నది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, నాకు మాత్రం బసంత్‌నగర్ గుర్తొచ్చింది.

తెలియనివాళ్లకి చెప్తున్నా, మాకూ ఒక ఎయిర్‌పోర్టు ఉండేది! రాజీవ్ రహదారి మీద పెద్దపల్లి దాటాక, కేశోరాం సిమెంటు ఫ్యాక్టరీ ఉన్న బసంత్‌నగర్‌లో. 1980లలో అక్కడ వాయుదూత్ విమానాలు దిగేవి. చిన్నప్పుడు గోదావరిఖని పోతుంటే మా బాపు కిటికీలోంచి చూపించేవాడు, "అగో, గాలిమోటరు దిగే జాగ" అని. ఆయన ఎన్నడూ ఎక్కలేదనుకోండి :)

వృత్తిదోషం కదా, ఇంటికెళ్లాక అక్షాంశ రేఖాంశాలు పట్టుకుని లెక్క కట్టాను. బేగంపేట నుంచి బసంత్‌నగర్‌కి గాల్లో దాదాపు 170 కిలోమీటర్లు. వాయుదూత్ వాడిన డోర్నియర్ 228 గంటకి దగ్గరదగ్గర 400 కిలోమీటర్లు పోగలదు. అంటే పాతిక నిమిషాలు, ఎక్కడం దిగడం కలుపుకుంటే ఓ నలభై. ఆ రోజుల్లో బస్సుకి అయిదు గంటలు పైనే.

మరెందుకు పోయింది? ఇంత తక్కువ దూరంలో విమానం పైకి లేచి కుదురుకునేలోపే దిగాలి. ఇంధనమంతా ఎక్కడానికే. ఉన్నవి పంతొమ్మిది సీట్లు, అవీ రోజూ నిండాలి. 1981లో మొదలైన వాయుదూత్ నష్టాల్లో కూరుకుపోయి 1993లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఆ లెక్క తప్పని నేననను. కానీ బేగంపేట మూతపడి 2008లో ఎయిర్‌పోర్టు శంషాబాద్ పోయాక మా లెక్క మారింది. ఉత్తరం నుంచి వచ్చే మేము నగరం అంతా దాటుకుని దక్షిణం కొసకి పోవాలి. గల్ఫ్‌కి ఎక్కువమంది పోయేదేమో మా వైపు నుంచే. బతికి వచ్చేవాళ్లే కాదు, పెట్టెల్లో వచ్చేవాళ్లూ అదే దారిన రావాలి.

ఇంకో తమాషా చూడండి. శంషాబాద్ కోసం 2004లో జీఎంఆర్‌తో చేసుకున్న ఒప్పందంలో, 150 కిలోమీటర్ల గగనదూరం లోపు పాతికేళ్లు మరో ఎయిర్‌పోర్టు రాకూడదని షరతు పెట్టారు. వరంగల్ మామునూరులో నిజాం కాలం, 1930 నాటి ఎయిర్‌పోర్టు ఉంది. నా లెక్కలో శంషాబాద్‌కి దాని దూరం 145 (ఎక్కడ నుంచి కొలిచామన్నదాన్ని బట్టి ఒకట్రెండు అటూఇటూ). అయిదు కిలోమీటర్ల దగ్గర ఇరుక్కుంది! జీఎంఆర్ అభ్యంతరం లేదన్నాక 2025 ఫిబ్రవరి చివర్లో కేంద్రం ఒప్పుకుంది. మా బసంత్‌నగర్ 190 దాటే ఉంది. దానికి ఆ షరతు అడ్డమే కాదు. అడిగేవాళ్లే తక్కువ.

మామునూరు నుంచి బసంత్‌నగర్‌కి గాల్లో 90 కిలోమీటర్లు, డోర్నియర్‌కి పావుగంట పని. పిలగాడికి చెప్తే "పావుగంటకు గాలిమోటరెందుకన్నా, మామునూర్ల దింపితే చాలు, రెండు బస్సులు మారి పోతం" అన్నాడు. సుల్తానాబాద్‌లో దిగి, రెండు అట్టపెట్టెలూ ఆటోలోకి ఎక్కించుకున్నాడు.