రైలు కట్టలు నడకబాటలైన వైనం

రైళ్లు ఆగిపోయిన మార్గంలో పట్టాలు, స్లీపర్లు తీసేసి, మిగిలిన కట్టను నడిచేవాళ్లకూ సైకిళ్లకూ అనువుగా చదును చేసి జనానికి వదిలితే అది రైల్ ట్రెయిల్. అమెరికాలో 1960లలో మొదలైన ఈ పద్ధతి యూరప్‌కు పాకింది. ఇప్పుడు గోదావరి ఒడ్డున కూడా దాని ప్రస్తావన వినిపిస్తోంది.

1916 నాటికి అమెరికాలో రైలు మార్గాల పొడవు 4 లక్షల కిలోమీటర్లు దాటింది. తర్వాత కార్లు, లారీలు, హైవేలు వచ్చాయి. నష్టాల్లో పడ్డ మార్గాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఇనుము తుక్కు కింద అమ్ముడుపోయింది. మిగిలింది నేల. ఆ నేలకున్న విలువ మొదట్లో పెద్దగా ఎవరూ గుర్తించలేదు. ఆవిరి ఇంజన్లు నిట్టనిలువు ఎత్తులు ఎక్కలేవు కాబట్టి, పాతకాలపు ఇంజనీర్లు గుట్టలు తొలిచి, పల్లాలు పూడ్చి, చాలాచోట్ల వాలు నూటికి రెండు పాళ్లు మించకుండా కట్ట వేశారు. అందుకే ఆ దారిలో డెబ్భై ఏళ్ల ముసలాయనైనా ఆయాసపడకుండా సైకిలు తొక్కగలడు. ఇవాళ అంత పొడవైన, తెగని నేల కొత్తగా సేకరించాలంటే వందలమంది రైతుల గడపలు తొక్కాలి.

షికాగో, అరోరా అండ్ ఎల్గిన్ అనే విద్యుత్ రైలు సంస్థ 1957 జులై 3న మధ్యాహ్నం ఉన్నట్టుండి ప్రయాణికుల బళ్లు ఆపేసింది. పొద్దున అదే రైలెక్కి పట్నం వెళ్లిన ఉద్యోగులు సాయంత్రం ఇల్లు చేరడానికి నానా తిప్పలూ పడ్డారు. ఆరేళ్ల తర్వాత, ఆ పాడుబడ్డ మార్గాన్ని నడకదారి చేయాలంటూ ప్రకృతి శాస్త్రవేత్త మే థీల్‌గార్డ్ వాట్స్ షికాగో ట్రిబ్యూన్‌కు ఉత్తరం రాశారు. ఇలినాయ్ ప్రెయిరీ పాత్ అనే బాట ఆ ఉత్తరం పుణ్యమే.

విస్కాన్సిన్ రాష్ట్రం ఉత్తరాల దాకా ఆగలేదు. ఎల్‌రాయ్, స్పార్టా ఊళ్ల మధ్య మూతపడ్డ 51 కిలోమీటర్ల మార్గాన్ని కొని, 1967లో బాటగా తెరిచింది. రైలు కట్ట మీద వేసిన తొలి పెద్ద బాటగా దానికి పేరు. 1873 నాటి ఆ మార్గంలో మూడు సొరంగాలున్నాయి. మూడోది కిలోమీటరుకు పైనే ఉంటుంది: లోపల కటిక చీకటి, పైనుంచి ఊటనీళ్లు చినుకుల్లా రాలుతుంటాయి. సైకిలు దిగి, చేత్తో టార్చి పట్టుకుని నడవాల్సిందే. సొరంగాల నోళ్లకు పెద్ద చెక్క తలుపులు కనిపిస్తాయి. చలికాలంలో ఊటనీరు గడ్డకట్టి రాతిని పగలగొట్టకుండా వాటిని మూసి ఉంచేవారు. రైలొచ్చే వేళకు తలుపు తీయడానికి, వెళ్లాక మూయడానికి ఒక కాపలాదారు ఉండేవాడు.

అసలు చిక్కు భూమి హక్కులో ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో రైలు కంపెనీలు చాలాచోట్ల భూమిని కొనలేదు, దారి హక్కు మాత్రమే తీసుకున్నాయి. రైలు ఆగితే ఆ హక్కు పోయి, పక్క పొలాల వాళ్లకే నేల దక్కుతుంది. ఎక్కడో ఒక్క తునక చేజారినా బాట తెగినట్టే. అందుకని 1983లో అమెరికా కాంగ్రెస్ చట్టాన్ని సవరించింది: ఏదైనా ప్రభుత్వ సంస్థో స్వచ్ఛంద సంస్థో బాధ్యత తీసుకుంటే, ఆ మార్గాన్ని వదిలేసినట్టు లెక్కించరు, రేపు రైలు అవసరమైతే తిరిగి వేసుకునేందుకు దాచి ఉంచినట్టే. దీన్నే రైల్‌బ్యాంకింగ్ అంటారు. వెర్మాంట్‌లో ఒక కుటుంబం దీనిపై సుప్రీంకోర్టుకెక్కింది. చట్టం చెల్లుతుందని, నష్టపోయినవారు పరిహారం అడగవచ్చని 1990లో తీర్పొచ్చింది. ఈ ఉద్యమంలో పూలమొక్కల ఫొటోలకు దక్కిన ప్రచారం ఈ సవరణకు దక్కలేదు గానీ, బాటల్ని నిలబెట్టిన వాటిలో ముందు చెప్పుకోవాల్సింది దీన్నే.

మిస్సోరీలోని కేటీ ట్రెయిల్ దానికి సాక్ష్యం. 1986 వరదలు మిస్సోరీ నది పక్కనున్న రైలు కట్టను కోసేయడంతో కంపెనీ ఆ మార్గాన్ని వదులుకుంది. రైతులు నేల తమదేనని కోర్టులకెళ్లారు. మదుపు సంస్థ మాజీ అధిపతి టెడ్ జోన్స్, ఆయన భార్య పాట్ ఇరవై లక్షల డాలర్లకు పైగా విరాళమిచ్చి పని ముందుకు నడిపించారు. 1990లో రోష్‌పోర్ట్ దగ్గర తొలి భాగం తెరిచారు. 1993లో నది మళ్లీ పొంగి బాటలో చాలా భాగాన్ని పాడుచేసింది. మరమ్మతులు చేసి, పొడిగించుకుంటూ పోతే ఇప్పుడది దాదాపు 386 కిలోమీటర్లు. మొత్తంగా అమెరికాలో ఇలాంటి బాటలు 40 వేల కిలోమీటర్లు దాటాయి.

జనానికి బాగా తెలిసింది మాత్రం న్యూయార్క్‌లోని హై లైన్. 1934లో ఇళ్ల ఎత్తున వేసిన సరుకు రైలు మార్గమది. 1980లో చివరి రైలు గడ్డకట్టించిన టర్కీ కోళ్లను మూడు వ్యాగన్లలో మోసుకెళ్లింది. కూల్చేద్దామని నగర పాలకులు సిద్ధమైతే జాషువా డేవిడ్, రాబర్ట్ హామండ్ 1999లో సంఘం పెట్టి అడ్డుపడ్డారు. 2009లో తొలి భాగం తెరుచుకుంది. పొడవు 2.3 కిలోమీటర్లే, సైకిళ్లకు ప్రవేశం లేదు. పేరు దానిదే అయినా, మిగతా బాటలతో దానికి పోలిక తక్కువ. అంతకుముందే, 1993లో, పారిస్ నగరం ఇలాంటి తోటను పాత రైలు వంతెన మీద పెంచింది.

బ్రిటన్‌లో రైలు మార్గాలు తగ్గించాలన్న 1963 నాటి బీచింగ్ నివేదిక తర్వాత వేల కిలోమీటర్ల మార్గాలు మూతపడ్డాయి. చాలావాటిని ముక్కలుగా అమ్మేశారు, ఆ నష్టం పూడలేదు. మిగిలినవాటిలో డెర్బీషైర్‌లోని టిస్సింగ్టన్ బాట 1971లో తెరుచుకుంది. స్పెయిన్ 1993 నుంచి ఒక జాతీయ పథకంగానే ఈ పని చేస్తోంది.

పట్టాలు తీయగానే బాట తయారవదు. మొనదేలిన కంకర మీద కాలు మడత పడుతుంది. దాన్ని తీసి, సున్నపురాయి పొడి పోసి రోలరుతో దిమ్మిస వేయాలి. కలుపు చావడానికి పూర్వం చల్లిన ఆర్సెనిక్ మందులు మట్టిలో మిగిలి ఉండవచ్చు కనుక పరీక్ష తప్పదు. వంతెనల మీద స్లీపర్ల మధ్య సందులు కప్పి, రెయిలింగులు బిగించాలి.

ఈ చివరి పని గోదావరి మీద పెద్దయెత్తున చేయాల్సి ఉంది. 1900లో రైళ్లకు తెరిచిన హేవలాక్ వంతెన 56 ఖానాలతో, 2.7 కిలోమీటర్ల పొడవున రాజమహేంద్రవరాన్ని కొవ్వూరు ఒడ్డుతో కలుపుతుంది. పక్కన ఆర్చి వంతెన రావడంతో 1997లో దీనిమీద రైళ్లు ఆగాయి. తుక్కుకు అమ్మకుండా నడకదారిగా, పర్యాటక స్థలంగా మార్చాలని ఊరివాళ్లు ఏళ్ల తరబడి కోరుతూ వచ్చారు. అఖండ గోదావరి పథకంలో దీన్ని చేర్చి, 2025 జూన్‌లో శంకుస్థాపన చేశారు.