వినికిడి, నిర్ధారణ

హిజ్రీ 3వ సంవత్సరం (క్రీ.శ. 625), ఉహుద్ మైదానం. హజ్రత్ ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి) అమరులయ్యారు. ఆయనను చంపినవాడు దైవప్రవక్త (స)నే చంపాననుకొని కేకవేశాడు. ఆ కేక నమ్మి కొందరు ముస్లిములు ఆయుధాలు వదిలి కూలబడ్డారు. ప్రవక్త (స) సజీవులుగా కనిపించేవరకు ఒక శత్రువు భ్రమే వారికి వార్త అయింది.

మన రాష్ట్రంలోనూ ఒక ఊహ ప్రభుత్వాన్నే మార్చింది. 1983 జనవరి ఎన్నికల్లో తెలుగుదేశం 200 పైగా స్థానాలు గెలిచింది. వాటిలో మన పుత్తూరు ఒకటి. 1984 ఆగస్టులో ముఖ్యమంత్రి రామారావు అమెరికాలో గుండె శస్త్రచికిత్స చేయించుకొని తిరిగివచ్చారు. మెజారిటీ తనదేనని నాదెండ్ల భాస్కరరావు చెప్పుకున్నారు. సభలో తన బలం నిరూపించుకుంటానని రామారావు కోరినా గవర్నరు రాంలాల్ ఒప్పుకోలేదు. 16వ తేదీన ఆయనను తొలగించి, భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. రామారావు తన శాసనసభ్యులను ఢిల్లీకి తీసుకుపోయి రాష్ట్రపతి జైల్‌సింగ్ ఎదుట నిలబెట్టారు. ఆ నెలలోనే రాంలాల్ పదవి వీడారు. భాస్కరరావు సభలో బలం చూపలేకపోయారు. సెప్టెంబరు 16న రామారావు మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. మెజారిటీ తేలవలసిన చోటు శాసనసభేనని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఆ తీర్పులోని నీతి మనకు కొత్త కాదు. ఎవరైనా వార్త తెస్తే ముందు విచారించండి, లేకుంటే తెలియక ఇతరులకు హాని చేసి పశ్చాత్తాపపడతారని హుజురాత్ సూరా హెచ్చరిస్తుంది. భయపు వార్త చెవినపడగానే చాటక, విషయం తేల్చగలవారికి నివేదించాలని నిసా సూరా బోధిస్తుంది.

మన తెలుగులో 'అట' అనే చిన్నమాట ఉంది. "ఫలానావారు పార్టీ మారతారట" అన్నప్పుడు, ఇది విన్నమాటే, చూసినది కాదు అనే ఒప్పుకోలు అందులో ఉంది. పత్రికలో "తెలిసింది" అని అచ్చయినది టీ కొట్టు దగ్గర "మారతారట" అవుతుంది. సంత చేరేసరికి ఆ 'అట' రాలిపోయి "మారారు" అవుతుంది. ఎవరూ అబద్ధమాడలేదు, కాని అబద్ధం పుట్టింది. అదే మాట ఒక మతంవారి మీద, ఒక వీధివారి మీద పుడితే దాని మూల్యం ఒక పదవితో పోదు.

పుత్తూరు కట్టు పేరు తెలియనివారు మన సీమలో అరుదు. చేత్తో తడిమి, విరిగినదెక్కడో తెలిశాకే అక్కడ కట్టు కడతారు. వార్త విషయంలో ఆపాటి ఓర్పు ప్రతి విశ్వాసికీ విధి. తేలినది చెబుదాం. తేలనిదానికి 'అట'ను ఉంచుదాం. హాని చేసేదైతే మౌనం వహిద్దాం.