బ్రౌజరు ప్లగిన్లలో మౌస్, కీబోర్డు ఈవెంట్ల నిర్వహణ: ఒక చారిత్రక పరిశీలన

బ్రౌజరు ప్లగిన్ల చరిత్రను చెప్పునపుడు వాని భద్రతాలోపములను గూర్చియో, ఫ్లాష్ ఉత్థానపతనములను గూర్చియో ముచ్చటించుట పరిపాటి. చదువరి ఒక మీటను నొక్కినపుడు ఆ నొక్కు ఎవరికి చెందవలెనను ప్రశ్న వెనుకబడిపోవుచున్నది. ఆ ప్రశ్నయే ఈ చరిత్రకు కీలకమని మా యభిప్రాయము.

1996 మార్చిలో వెలువడిన నెట్‌స్కేప్ నావిగేటర్ 2.0 తో ప్లగిన్లు ప్రచారములోనికి వచ్చినవి. బ్రౌజరు తాను చూపజాలని పి.డి.ఎఫ్. పత్రము, చలనచిత్రము మున్నగువానిని చూపుటకై పుటలో ఒక దీర్ఘచతురస్రమును వేరొక ప్రోగ్రామునకు ఒప్పగించును. ఆ యొప్పందమునకే ఎన్.పి.ఎ.పి.ఐ. అని పేరు. చోటు నొప్పగించుట సులభము. ఆ చోట జరుగు క్రియల నొప్పగించుట అంత సులభము కాదు. మౌస్ కదలికను, మీట నొక్కును కంప్యూటరు ఒక్కొక్క వార్తగా మలచి పంపును. దానినే ఈవెంటు అందురు. మౌస్ ఈవెంటు తాను జరిగిన చోటును తనలోనే మోసికొని వచ్చును గనుక, అది ఎవరి హద్దులో పడినదో నిర్ణయింపవచ్చును. కీబోర్డు ఈవెంటుకు అట్టి చిరునామా లేదు. ఆ క్షణమున ఫోకస్ ఎవరి చేతిలోనున్నదో వారికే అది పోవును. చిక్కులలో పెక్కింటికి మూల మిచ్చటనే గలదు.

విండోస్‌లో ప్లగిన్‌కు స్వంత విండో నిచ్చిరి. అందుచే వార్తలు ఆపరేటింగ్ సిస్టమ్ నుండి నేరుగా ప్లగిన్‌కే చేరెడివి; నడుమ బ్రౌజరునకు ప్రమేయము లేదు. నాటి మాకింటాష్‌లో ఇట్టి పిల్లవిండోల యేర్పాటు లేకపోవుటచే ఈవెంట్లన్నియు మొదట బ్రౌజరునకు వచ్చెడివి. అది వానిని హ్యాండిల్ ఈవెంట్ అను ప్రమేయము ద్వారా ప్లగిన్‌కు అందించెడిది. ఈవెంటు జాతి, సందేశము, కాలము, స్థానము, తోడుమీటల స్థితి అను ఐదు వివరములు ఆ పత్రములో నుండెడివి. ప్లగిన్ 'గ్రహించితిని' అనియో 'గ్రహింపలేదు' అనియో బదులు చెప్పవలెను. ఈ చిన్న బదులే ఆ యొప్పందములోని మర్యాద. విండోస్‌లో ఆ మర్యాదకు తావే లేకపోయెను. ప్లగిన్ మ్రింగిన మీట బ్రౌజరునకు తిరిగి రాదు. 1997 నాటి కమ్యూనికేటర్‌లో విండో లేని ప్లగిన్లకు విండోస్‌లోను ఈ పద్ధతి ప్రవేశించినది గాని, ఫ్లాష్ తనంతట తాను ఎన్నుకొను పద్ధతి మాత్రము విండో గలదిగానే నిలిచెను.

దీని ఫలితము ననుభవించినవారు మౌస్‌ను పట్టజాలనివారు, చూపు లేనివారు. ట్యాబ్ మీటతో పుటలో నడచుచు ప్లగిన్‌లో అడుగిడిన వారికి వెలుపలికి వచ్చు త్రోవ తరచుగా లభించెడిది కాదు. 2008 డిసెంబరులో వెబ్ ప్రమాణసంస్థ ప్రకటించిన సౌలభ్యసూత్రములలో 2.1.2 వది దీనినే నిషేధించుచున్నది: కీబోర్డుతో చేరదగిన భాగమును కీబోర్డుతోనే విడువగలుగవలెను.

మౌస్ నొక్కుకు సైతము ఒక న్యాయస్థానచరిత్ర గలదు. 1998లో పొందిన పేటెంటు నాధారముగా జేసికొని ఇయోలాస్ సంస్థ మైక్రోసాఫ్ట్‌పై దావా వేయగా, 2003లో జ్యూరీ సుమారు 52 కోట్ల డాలర్ల పరిహారము విధించెను. దానిని తప్పించుకొనుటకై 2006లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరును మార్చిరి. మొదటి నొక్కు ప్లగిన్‌ను మేల్కొల్పుటకే వ్యయమగును. రెండవదిగాని లోనికి పోదు. 2007లో రాజీ కుదిరెను. 2008లో ఆ యేర్పాటు తొలగెను. కొన్నియేండ్లకు బ్రౌజర్లు భద్రత నిమిత్తము అట్టి తొలినొక్కునే మరల కోరుట వినోదకరము.

తెలుగువారికి ఇందు ప్రత్యేకముగా గమనింపదగిన విషయ మొకటి గలదు. పాత మాకింటాష్ ఈవెంటులో అక్షరసంకేతమునకు ఒక్క బైటు మాత్రమే కేటాయింపబడినది. దానిలో 256 విలువలకంటె పట్టవు. యూనికోడ్‌లో మన లిపి స్థానము 0సి00 మొదలు 0సి7ఎఫ్ వరకు. అది ఆ బైటులో ఇముడదు. పైగా 'క్ష' యను ఒక్క రూపమునకు కకారము, పొల్లు, షకారము అను మూడు సంకేతములు కావలెను. ఒక మీటకు ఒక యక్షరమను భావన ఇంగ్లీషునకు చెల్లినది గాని మనకు చెల్లదు. తరువాతి కోకో ఈవెంటు పద్ధతిలో మీట నొక్కునుండి పాఠప్రవేశమును వేరుజేసిరి. ప్లగిన్ చెప్పదగిన బదుళ్లలో మూడవదియు చేరెను: 'అక్షరకూర్పును ఆరంభింపుము' అని. మీట వేరు, అక్షరము వేరు అని ఈ యొప్పందము అంగీకరించుటకు పదియేండ్లకు పైగా పట్టినది!

ప్లగిన్లను వేరు ప్రాసెసులో నుంచు పద్ధతిని 2008లో క్రోమ్, 2010లో ఫైర్‌ఫాక్స్ 3.6.4 అవలంబించినవి. అయినను విండోస్‌లో తల్లివిండో, పిల్లవిండోల ఈవెంట్ల వరుస ఒక్కటిగా ముడిపడియుండును. ప్లగిన్ స్తంభించినచో బ్రౌజరు సైతము స్తంభించెడిది. గోడ కట్టిరి గాని ద్వారబంధము ఉమ్మడిగానే మిగిలెనన్నమాట. ఆపై అవసానము త్వరగనే వచ్చెను. 2015 సెప్టెంబరులో క్రోమ్ 45 ఎన్.పి.ఎ.పి.ఐ.ని విడిచెను. 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్ 52 ఫ్లాష్ నొక్కదానిని మినహాయించి తక్కినవానిని త్రోసిపుచ్చెను. 2020 డిసెంబరు 31న ఫ్లాష్ పోషణ నిలిచినది.

నేడు చిత్రములు, ఆటలు పుటలోని కాన్వాస్ భాగములోనే నడచుచున్నవి. ఈవెంట్లు పుట యొక్క స్వంత వృక్షము వెంబడి ప్రవహించుచు, ఎవరును అడ్డగింపనిచో పైవరకు చేరుచున్నవి. అయినను ఒక పుటలో నింకొక పుటను చట్రముగా పొదిగినచో, లోపలిదానికి ఫోకస్ పోయిన వెంటనే అచటి మీటల నొక్కులు వెలుపలి పుటకు వినిపింపవు.