కదలని బండలోని కదలిక

దోమ, తాండూరు ప్రాంతముల యిండ్లలో పఱచిన బండలకంటె నిశ్చలమైన వస్తువు లేదని మనము తలంతుము. కాని యా సున్నపుఱాతిలోని పరమాణువులు క్షణమైనను విశ్రమింపవు. ఆ కదలికను చూచుట యెట్లు?

1897లో జె. జె. థామ్సను ఎలక్ట్రాను కణమని చూపెను. 1927లో ఆయన కుమారుడు జి. పి. థామ్సను స్కాట్లండులోను, డేవిసను, జెర్మరు అమెరికాలోను అదియే అలవలె చెదరునని కనుగొనిరి. చెదరిన యలలు ఫలకముపై గీయు గుర్తులనుబట్టి పరమాణువుల యెడము లెక్కింపవచ్చును. తండ్రిమాటకు మఱొకమాట చేర్చుట యవినయమని మన యిండ్లలో ననుకొందురు. ఆ తండ్రి మాత్రము 1937లో కుమారునికి నోబెలు బహుమానము వచ్చుట కన్నులార చూచెను.

స్ఫటికములలో పరమాణువు లేయే రీతుల కంపింపగలవో లెక్కగట్టు గ్రంథమును సూరి భగవంతము, టి. వెంకటరాయుడుగార్లు రచింపగా 1948లో వాల్తేరునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ప్రచురించెను. లెక్కకు దొరకిన యా కంపము కంటికి మాత్రము దొరకలేదు. ఒక్క ఊపునకు పట్టు కాలము సెకనులో పదిలక్షల కోట్లవ వంతు మాత్రమే. దానిని పట్టుకొనుటకు అంతకంటె పొట్టిదైన ఎలక్ట్రాను మెఱపు వలయును.

చిక్కంతయు నిచ్చటనే. ఒకే గుంపున బోవు ఎలక్ట్రానులు ఒండొంటిని త్రోసికొనును, మెఱపు సాగిపోవును. గుంపును పలుచన జేసితిమా, బొమ్మ మసకబాఱును. కణత్వరకయంత్రముచే కాంతివేగమున నూటికి 99 వంతులవఱకు పరుగెత్తించినచో నీ త్రోపులాట ప్రభావము మిక్కిలి తగ్గును. కాలిఫోర్నియాలోని స్లాకు ప్రయోగశాలవారు 2006లో నిట్టి యొక్క మెఱపుతోనే అల్యూమినియము రేకు బొమ్మను పట్టిరి. 2021లో వెలువడిన ప్రయోగమున నచ్చటివారు నీటిని లేజరుతో తట్టి చూచిరి: ఒక నీటియణువులోని ఉదజని పొరుగణువులోని ఆమ్లజనిని మొదట దగ్గఱకు లాగి, పిదప దూరముగా నెట్టుచున్నది.