భిషగ్బుభూషువు

చరకసంహిత విమానస్థానంలో ఎనిమిదవ అధ్యాయానికి రోగభిషగ్జితీయమని పేరు. ఆ అధ్యాయంలో ‘భిషగ్బుభూషువు’ అనే మాట ఒకటి కనిపిస్తుంది. నోరు తిరగడానికి కొంత శ్రమ పెట్టే మాటే గాని, విడదీసి చూస్తే సులభం. భిషక్కు అంటే వైద్యుడు. బుభూషువు అంటే కాగోరేవాడు. భూ ధాతువుకు ఇచ్ఛార్థంలో సన్ ప్రత్యయం చేరగా ఏర్పడిన రూపమిది. ముముక్షువు, జిజ్ఞాసువు, పిపాసువు దీని తోబుట్టువులే. (వ్యాకరణం వదలలేని పాత అలవాటు, చదువరులు మన్నించాలి.)

ఈ మాటతో పిలవబడేవాడు వైద్యుడు కాదు, వైద్యవిద్యార్థి కూడా కాదు. ఇంకా గడపకు ఇవతలే నిలబడి ఉన్నవాడు. ఇంచుమించు రెండువేల ఏళ్ళనాటి గ్రంథం అటువంటివాడికి ఒక పేరు పెట్టి, లోపలికి అడుగుపెట్టకముందు చేయవలసిన పనులేమిటో చెప్పింది. నేటి మన పిల్లలలో ఏటా లక్షలాదిమంది ఆ గడప దగ్గరే నిలబడి ఉన్నారు గనుక ఆ పనులను ఒకసారి చూడడం వృథా కాదని నా అభిప్రాయం.

చరకుడు చెప్పిన పరీక్షలు మూడు. వాటి క్రమమే నాకు ముచ్చటగా తోస్తుంది. మనకు తెలిసిన పరీక్షలో విద్యార్థిని ఇతరులు పరీక్షిస్తారు. చరకుని గ్రంథంలో మొదటి పరీక్షాధికారి విద్యార్థే. వైద్యుడు కాగోరే బుద్ధిమంతుడు ముందుగా తాను తలపెట్టిన పని తన శక్తికి బరువో తేలికో చూసుకోవాలి. దాని ఫలమేమిటో, ఫలం తరువాత వెన్నంటి వచ్చే పర్యవసానమేమిటో ఆలోచించుకోవాలి. తాను ఉన్న దేశమూ కాలమూ అందుకు అనుకూలమో కాదో తెలుసుకోవాలి. ఇవన్నీ అయ్యాకనే శాస్త్రాన్ని పరీక్షించడం. లోకంలో వైద్యగ్రంథాలు అనేకం ప్రచారంలో ఉన్నాయి గనుక అందులో ఏది అర్థపుష్టి కలది, ఏది పునరుక్తిదోషం లేనిది, మందబుద్ధికీ మధ్యమునికీ ఉత్తమునికీ కూడా పనికివచ్చేది ఏది అని వెతకమంటాడు.

ఆ పిమ్మట గురువును పరీక్షించాలి. చదువు నిర్మలంగా ఉండాలి, చికిత్సలు కళ్ళారా చూసినవాడై ఉండాలి, చేతివాటం ఉండాలి, పరికరాలుండాలి. అహంకారం, అసూయ, కోపం ఉండరాదు. కష్టానికి ఓర్చుకోవాలి, శిష్యులయందు వాత్సల్యం ఉండాలి. వీటన్నిటి చివర ఇంకొక లక్షణం చేర్చాడు. తనకు తెలిసింది ఎదుటివానికి తెలిసేటట్లు చేయగల సమర్థత ఉండాలట. ముప్పైయేళ్ళకు పైగా సుద్దముక్క పట్టుకున్నవాణ్ణి గనుక ఈ చివరి లక్షణం దగ్గర కాసేపు ఆగిపోయాను. పండితులు ఎందరో ఉంటారు; తెలియజెప్పగలిగినవారు వారిలో ఎందరుంటారో నలుగురు గురువుల దగ్గర చదివినవారికెల్లా తెలుసు.

గురువు శిష్యుణ్ణి పరీక్షించడం మూడవది. ఇక్కడ జాబితా చాలా పెద్దది. శాంతస్వభావం, ధైర్యం, మేధ, జ్ఞాపకశక్తి, ఊహ, లోభమూ సోమరితనమూ లేకపోవడం, వ్యసనాలు లేకపోవడం, సర్వప్రాణుల మేలు కోరడం. ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం ఉండదు. కాని అదే జాబితాలో ముక్కు తిన్నగా ఉండాలనీ, నాలుక పలుచగా ఎర్రగా ఉండాలనీ, పలుకులో ముక్కుమాట ఉండరాదనీ, అవయవలోపం ఉండకూడదనీ కూడా ఉన్నది. వైద్యుల వంశంలో పుట్టినవాడైతే మేలన్న సూచనా ఉన్నది. సుశ్రుతుడు సూత్రస్థానం రెండవ అధ్యాయంలో ఉపనయనార్హతను మూడు వర్ణాలకే చెప్పి, కులమూ గుణమూ గల శూద్రునికి మంత్రభాగం లేకుండా చెప్పవచ్చునని కొందరంటారని వ్రాశాడు. వీటిని దాచిపెట్టి మిగిలినవి మాత్రమే చూపించి గర్వపడడం నాకు ఇష్టం లేదు. ఆడపిల్లల మాట ఆ జాబితాల్లో వెతికినా దొరకదు.

సుశ్రుతుని గ్రంథంలో మరి రెండు విశేషాలున్నాయి. మొదటిది, శిష్యుడు అగ్నిసాక్షిగా నియమాలు స్వీకరించాక గురువు కూడా ప్రతిజ్ఞ చేయడం. నీవు సక్రమంగా నడుచుకుంటున్నా నేను నిన్ను వేరుగా చూస్తే పాపం నాది, నా విద్య నిష్ఫలమగుగాక అని దాని భావం. ప్రవేశం పొందే విద్యార్థి ముందు అధ్యాపకుడు కూడా మాట ఇచ్చే ఆచారం తరువాత ఎక్కడైనా నిలిచిందా అని వెతికాను. నాకు కనిపించలేదు.

రెండవది ‘యోగ్య’ అనే మాట. సూత్రస్థానం తొమ్మిదవ అధ్యాయానికి యోగ్యాసూత్రీయమని పేరు. మనం నేడు యోగ్యత అంటే అర్హత అనుకుంటాం. ఉన్నదా లేదా అని ఎవరో తేల్చి చెప్పవలసిన వస్తువు. సుశ్రుతుని వాడుకలో యోగ్య అంటే అభ్యాసం. చేసి చేసి సంపాదించుకోవలసినది. గుమ్మడి, సొర, పుచ్చ, దోసకాయల మీద కోత నేర్చుకోమన్నాడు. నీళ్ళూ బురదా నింపిన తోలుసంచుల మీద చీల్చడం, వెంట్రుకలున్న తోలు మీద గీకడం, చచ్చిన పశువుల సిరల మీదా తామరతూడుల మీదా పొడవడం, పురుగు తొలిచిన కర్రలోనూ వెదురులోనూ శలాక పెట్టి వెతకడం, పనసతొనల నుంచి గింజ తీసినట్లు శల్యం తీయడం, దళసరి గుడ్డ అంచుల మీద కుట్లు వేయడం, బొమ్మకు కట్లు కట్టడం. ఎంత చదివినవాడైనా ఈ అభ్యాసం లేకపోతే పనికి అయోగ్యుడే అని తేల్చాడు. శాస్త్రం మాత్రం తెలిసి పని తెలియనివాడు రోగి ముందుకు వచ్చేసరికి యుద్ధంలో పిరికివాడిలా తడబడతాడనీ, రెంటిలో ఒక్కటే తెలిసినవాడు ఒంటిరెక్క పక్షి వంటివాడనీ అంతకుముందే మూడవ అధ్యాయంలో చెప్పాడు.

ఇక ఆధునిక కాలానికి వద్దాం. 1835లో కలకత్తాలో వైద్యకళాశాల పెట్టినప్పుడు కులమతభేదం లేకుండా పద్నాలుగు మొదలు ఇరవై ఏళ్ళ లోపు కుర్రవాళ్ళను చేర్చుకోవచ్చునన్నారు. ఇంగ్లీషు రావాలి, దానితోపాటు బెంగాలీగాని హిందుస్తానీగాని రావాలి, సత్ప్రవర్తన ఉండాలి. ప్రవేశపరీక్ష పెట్టి సుమారు యాభైమందిని ఎంచుకున్నారు. ముక్కు, నాలుకల లక్షణాలు పోయి భాషాజ్ఞానం అర్హత అయింది. హైదరాబాదులో 1846లో వెలసిన వైద్యపాఠశాలలో మాత్రం బోధన ఉర్దూలో సాగింది. అదే ఏడాది పుట్టిన ఇద్దరు కుర్రవాళ్ళలో ఒకడు కలకత్తాలోనూ ఒకడు హైదరాబాదులోనూ ఉంటే, అర్హుడు అన్న మాటకు ఇద్దరికీ రెండు అర్థాలన్నమాట. చరకుడు దేశకాలాలు చూసుకోమన్నది ఊరికే కాదు.

స్త్రీల విషయంలో మన మదరాసుకు ఒక ఘనత ఉన్నది. 1875లోనే అక్కడి వైద్యకళాశాల మేరీ షార్లీబ్‌తో సహా నలుగురు స్త్రీలను చేర్చుకుంది. అయినా నాకు ఇక్కడ చెప్పాలనిపించేది ఆనందీబాయి జోషి కథ. ఆమె 1865లో పుట్టింది, చిన్ననాడే పెళ్ళి అయింది. పద్నాలుగేళ్ళ వయస్సులో కన్న బిడ్డ పది రోజులకే చనిపోయాడు. సరైన వైద్యం అందలేదన్న బాధలోంచి వైద్యవిద్య మీద కోరిక పుట్టింది. 1883లో, అమెరికా ప్రయాణానికి ముందు, శ్రీరాంపూరు కళాశాలలో సభ జరిగితే ఆమె లేచి మాట్లాడింది. తనను లోకం అడిగే ప్రశ్నలను తానే ఒక్కొక్కటిగా తీసుకొని సమాధానం చెప్పింది. అమెరికాకే ఎందుకు, మన దేశంలో చదువుకునే వీలు లేదా, ఒంటరిగా ఎందుకు వెళ్ళాలి, తిరిగివచ్చాక కులం వెలివేయదా, దురదృష్టం ఎదురైతే ఏం చేస్తావు, ఇంతవరకు ఏ స్త్రీ చేయని పని నీకెందుకు. ఇవీ ఆ ప్రశ్నలు.

వీటిని చరకుని మాటల పక్కన పెట్టి చూడండి. పని బరువు, ఫలం, పర్యవసానం, దేశం, కాలం. ఆమె చరకుణ్ణి చదివి ఈ ప్రశ్నలు వేసుకుందని నేను అనడం లేదు. నిజంగా గడప దగ్గర నిలబడినవారికి ఆ ప్రశ్నలే ఎదురవుతాయనుకుంటాను. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేళ్ళు. ఆరోగ్యం అంతంతమాత్రం. పెన్సిల్వేనియా స్త్రీల వైద్యకళాశాల ఆమెను చేర్చుకుంది. 1886లో పట్టం పుచ్చుకుంది. క్షయతో తిరిగివచ్చి 1887 ఫిబ్రవరిలో పుణెలో కన్నుమూసింది, ఇరవైరెండేళ్ళు నిండలేదు. వైద్యం చేయడానికి ఆమెకు కాలం మిగలలేదు. ఆరోగ్యాన్నిబట్టి చూస్తే వెళ్ళి ఉండకూడదని ఎవరైనా అనవచ్చు. ఆమె తరువాత ఎందరో వెళ్ళారన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి కదా.

అమెరికా మాట వచ్చింది గనుక చిన్న ముచ్చట. 1893లో జాన్స్ హాప్కిన్స్ వైద్యకళాశాల తెరిచినప్పుడు, పెద్ద విరాళమిచ్చిన మేరీ గారెట్ రెండు షరతులు పెట్టింది. స్త్రీలను పురుషులతో సమానంగా చేర్చుకోవాలి, ప్రవేశార్హత చాలా కఠినంగా ఉండాలి. ముందుగా ఒక పట్టం, దానితో ఫ్రెంచి జర్మను చదవగలిగే శక్తి. అక్కడ ఆచార్యుడుగా చేరిన ఆస్లర్ మహాశయుడు తన తోటి ఆచార్యునితో, మనం పంతుళ్ళుగా వచ్చాం గనుక బతికిపోయాం, విద్యార్థులుగా అయితే మనకు చోటు దొరికేది కాదు అని హాస్యమాడాడట.

ఆస్లర్‌ది హాస్యం. మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి విషయంలో అది అక్షరాలా జరిగింది. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కాడు. చిన్నప్పుడు కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు గడిద్దామని ఇల్లు విడిచి పారిపోతే వెనక్కు తెచ్చారు. తరువాత సన్యాసిగా రామకృష్ణ మఠంలో చేరబోతే, సేవచేయడానికి వైద్యం చదవమని అక్కడివారు సలహా ఇచ్చారు. అలా మదరాసు వైద్యకళాశాలలో ప్రవేశించాడు. గాంధీగారి పిలుపు విని శస్త్రచికిత్స దుస్తులు కూడా ఖద్దరువే వేసుకున్నందుకు ఆచార్యునికి కోపం వచ్చింది. ఎం.బి.బి.ఎస్. పట్టానికి బదులు తక్కువస్థాయి ఎల్.ఎం.ఎస్. చేతికి వచ్చింది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రం చెప్పి, మామగారి సాయంతోనూ కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతోనూ 1920ల తొలినాళ్ళలో బోస్టన్ చేరాడు. అక్కడ ఆసుపత్రిలో రాత్రిపూట చిల్లరపనులు చేసుకుంటూ చదివాడు. ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతికి ఫిస్కేతోపాటు ఆయన పేరూ స్థిరపడింది. కండరాలకు శక్తినిచ్చే ఏ.టి.పి.ని 1929లో ప్రకటించారు. తన అన్నదమ్ములను బలిగొన్న స్ప్రూ వ్యాధికి పనికివచ్చే ఫోలిక్ ఆమ్లం కృత్రిమ తయారీ 1945లో ఆయన నడిపిన బృందం చేతిలో నెరవేరింది.

ఈ కథ చెప్పినప్పుడల్లా మార్కులు తగ్గిన పిల్లల తల్లిదండ్రులు ఊరట పొందడం చూశాను. నాకు ఆ ఊరట మీద అంత నమ్మకం లేదు. మెట్రిక్ తప్పినవాళ్ళందరూ సుబ్బారావులు కారు. నన్ను ఆకర్షించేది మరొకటి. ఆయన వైద్యుడు కావాలని కోరలేదు, సేవ కోరాడు. వైద్యం దానికి దారి అయింది. కళాశాల ఏ రోగిని ఎలా చూడాలో నేర్పితే ఆయన రోగుల దగ్గర కాక ప్రయోగశాలలో స్థిరపడ్డాడు. బుభూషువుకు తాను ఏది కాగోరుతున్నాడో మొదటే తెలియాలన్న నియమం లేదేమో.

తరువాతి చరిత్ర మనందరికీ తెలిసినదే గనుక క్లుప్తంగా చెబుతాను. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో క్యాపిటేషన్ రుసుమును నిషేధిస్తూ చట్టం వచ్చింది. 1986లో ఎంసెట్ మొదలైంది. డబ్బుకు, సిఫార్సుకు అడ్డుకట్ట వేసిన పరీక్ష అది; మా పాఠశాల నుంచి వెళ్ళిన రైతుకూలీల పిల్లలు కొందరు ఆ దారిన వైద్యులయ్యారు. దాన్ని తేలిగ్గా తీసిపారేయలేను. 2013లో తొలిసారి జరిగిన నీట్‌ను ఆ ఏడే సుప్రీంకోర్టు కొట్టివేసి, 2016లో తన తీర్పును తానే వెనక్కు తీసుకుంది. 2017 నుంచి మన రెండు రాష్ట్రాల ప్రవేశాలూ నీట్ ద్వారానే జరుగుతున్నాయి. 720 మార్కులలో సగం జీవశాస్త్రానికి, మిగిలిన సగం భౌతిక, రసాయన శాస్త్రాలకు. ప్రశ్నపత్రం తెలుగులోనూ వస్తుంది, లోపలికి వెళ్ళాక చదువు మాత్రం ఇంగ్లీషులో. 2024లో నమోదు చేసుకున్నవారు సుమారు 24 లక్షలు. ఆ ఏడు ప్రశ్నపత్రం బయటికి పొక్కి ఎంత గందరగోళమైందో చూశాం.

ఇన్ని లక్షలమందిలో కొద్దిమందిని ఎంచాలంటే ముక్కుసూటి లెక్క ఒకటి ఉండక తప్పదు. శాంతస్వభావానికి మార్కులు వేయబోతే పక్షపాతానికి తలుపు తెరిచినట్లే. కాబట్టి మూడవ పరీక్ష అలాగే ఉండనీయండి. గురువును పరీక్షించే రెండవ పరీక్ష మన పిల్లల చేతిలో లేదు. ర్యాంకు ఎక్కడ పడేస్తే అక్కడ. మిగిలింది మొదటిది. అది ఎవరూ పెట్టనిది, ఎవరూ దిద్దనిది. ఎనిమిదో తరగతిలోనే పిల్లవాణ్ణి తీసుకుపోయి పునాది తరగతుల్లో కూర్చోబెడితే, కార్యం బరువెంతో తూచుకునే అవకాశం వాడికి ఎప్పుడు వస్తుంది? నా దగ్గరకు సలహాకు వచ్చే పిల్లలతో నేను ఒక్కటే అంటాను. వారం రోజులు మీ ఊరి ప్రాథమిక ఆరోగ్యకేంద్రం వరండాలో, డాక్టరుగారి అనుమతితో, ఊరికే కూర్చొని రా. పుండు కడగడం చూడు, ముసలమ్మ చెప్పిందే చెబుతుంటే డాక్టరుగారు వినడం చూడు. వెళ్ళి వచ్చినవారిలో కొందరు మరింత పట్టుదలగా చదివారు. ఇద్దరు ముగ్గురు వేరే చదువుల్లోకి వెళ్ళి సుఖంగా ఉన్నారు.

2022లో జాతీయ వైద్య కమిషన్, కొత్త విద్యార్థులు మహర్షి చరక శపథం చేయాలని సూచించింది. మదురైలో ఆ శపథం చేయించినందుకు ప్రభుత్వ కళాశాల అధిపతిని పదవి నుంచి తప్పించి, కొద్దిరోజులకు మళ్ళీ నియమించారు. హిపోక్రటీస్ మేలా, చరకుడు మేలా అని పత్రికల్లో వారాల తరబడి వాదాలు నడిచాయి. ఆ శపథం ఉన్నది ఈ రోగభిషగ్జితీయాధ్యాయంలోనే. భిషగ్బుభూషువు ఉన్నదీ అక్కడే, శపథానికి చాలా ముందు.