అడగడంలో నామోషీ ఏముంది?

బిలాస్‌పూర్ నుంచి రాయ్‌పూర్ లైనులో దాధాపారా, చకర్‌భాఠా దాటితే బిల్హా. రైల్వే ఉద్యోగాలకని ఉత్తరాంధ్ర నుంచి వచ్చి బిలాస్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టి, బిల్హాలో ప్రాక్టీసు పెట్టినవాణ్ణి నేను. వానలు పడితే వచ్చే జ్వరాల్లో ఏది మలేరియానో, ఏది టైఫాయిడో నాడి పట్టి తేల్చడం ఎవరి తరమూ కాదు. తోటి డాక్టర్ని అడిగితే చిన్నతనం అనుకునే కుర్ర డాక్టర్లకు నేను సికింద్రాబాదు సంగతి చెబుతుంటాను.

మలేరియా పరాన్నజీవి ఉందంటేనే మొదట్లో డాక్టర్ రోనాల్డ్ రాస్ నమ్మలేదు. 1894లో లండన్‌లో పాట్రిక్ మాన్సన్ దాన్ని సూక్ష్మదర్శినిలో చూపించాక నమ్మాడు. మరుసటేడు సికింద్రాబాదు చేరి, చూసిందల్లా మాన్సన్‌కు రాయడం మొదలుపెట్టాడు. అలా రాసిన ఉత్తరాలు వందకు పైనే. ఓడలో వెళ్లిన ప్రశ్నకు జవాబు రావాలంటే వారాలు ఆగాలి.

గురువులాంటి మాన్సన్ చెప్పిందంతా నిజమూ కాలేదు. దోమలు చచ్చిన నీళ్లు తాగితే జ్వరం వస్తుందని ఆయన ఊహ. రాస్ మనుషులకు ఆ నీళ్లు తాగించి మరీ చూశాడు. ఈ రోజుల్లో అలాంటి పరీక్షకు ఎవరూ ఒప్పుకోరు. ఊహ నిలవలేదు. ఉత్తరాలు మాత్రం ఆగలేదు. చివరికి హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగికి దోమకు అణా చొప్పున ఇచ్చి, అతన్ని దోమలచేత కుట్టించాడు. 1897 ఆగస్టు 20న అలాంటి దోమ పొట్టగోడలో నల్లటి రేణువులున్న మలేరియా పరాన్నజీవి కణాలు కనబడ్డాయి. ఈ పనికే 1902లో రాస్‌కు నోబెల్ వచ్చింది.

మా జిల్లాలోనూ ఇలాంటి కథే ఉంది. ఎయిమ్స్‌లో చదివిన డాక్టర్లు కొందరు 1996లో జన స్వాస్థ్య సహయోగ్ అనే సంస్థ పెట్టి, గనియారీలో ఆసుపత్రి నడిపారు. అడవి పల్లెల్లో ఆరోగ్య కార్యకర్త వేలు గుచ్చి, గాజుపలక మీద రక్తం పూసి, డబ్బాలో పెట్టి బస్సు డ్రైవరు చేతికిచ్చేది. గనియారీ ల్యాబులో చూసి, రిపోర్టు మళ్లీ బస్సులోనే పంపేవారు. పెద్ద చదువు లేని ఆ మనిషి పంపేది వట్టి సందేహం కాదు, దానితోపాటు రుజువు కూడా.

ఇప్పుడు ఫోనుంది, క్షణంలో అడగొచ్చు. కానీ జ్వరం ఎన్నాళ్లుగా ఉంది, ఏ మందు ఎంత ఇచ్చాం, మన అనుమానమేమిటి: ఈ మూడూ రాయకుండా ‘పేషెంటును పంపుతున్నాను, చూడండి’ అంటే అది సలహా అడగడం కాదు, బరువు దించుకోవడం. రోగితో పంపే చీటీ సరిగ్గా రాయండి. వచ్చిన సలహాను రోగి పక్కన నిలబడి సరిచూసుకోండి.